కుసుమకుమారి విప్పిన లాప్‌టాప్

పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటగానే ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. ఎప్పుడు చూసినా దాని ముందు రెండు మూడు నీటి మోటార్లు మూతలు ఊడదీసి ఎండలో పడి ఉంటాయి. బోర్డు మీద గిరిబాబు పేరుంది గానీ కాలిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టేది అతను కాదు, అతని భార్య కుసుమకుమారి. చుట్టుపక్కల రైతులు ఆమెను వైండింగమ్మ అంటారు.

పద్నాలుగేళ్ళ కిందట గిరిబాబు స్కూటరు మీంచి పడ్డాడు. కుడి చెయ్యి అతుక్కుంది గానీ వేళ్ళు ముడవడం మానేశాయి. రాగి తీగ చుట్టేవాడికి వేళ్ళు ముడవకపోతే ఇంకేముంది. నెల రోజులు షెడ్డు మూసే ఉంది. ఆ నెలాఖరున జోగయ్య అనే రైతు కాలిపోయిన మోటారు తెచ్చి అరుగు మీద దింపి, "నీకు ఎప్పుడు బాగుంటే అప్పుడే సెయ్యి. నాను ఇంకో దగ్గరకెల్లను" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మోటారును కుసుమకుమారి రెండు రోజులు వస్తూ పోతూ చూసింది. మూడో రోజు మొగుడి దగ్గర కూర్చుని, "నువ్వు సెప్పు మావా, నాను సుడతాను" అంది. ఆమె ఏడో తరగతి వరకే చదివింది. కరెంటంటే స్విచ్చు వెయ్యడం, తియ్యడం, అంతే తెలుసు.

గిరిబాబు చెప్పాడు, ఆమె చుట్టింది. జోగయ్య వచ్చి నిలబడ్డాక మోటారు ఆన్ చేస్తే మూలిగి, పొగ వదిలి, మళ్ళీ కాలిపోయింది. జోగయ్య అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. కుసుమకుమారి లోపలికి వెళ్ళి, విప్పి గోనెసంచిలో పడేసిన పాత తీగ తెచ్చి, ఒక్కో చుట్టూ వేలితో లాగుతూ లెక్కపెట్టింది. మొగుడు చెప్పిన దానికి ఎనిమిది చుట్లు ఎక్కువున్నాయి.

"నువ్వు సెప్పింది ఇంకో మోటారు లెక్క మావా," అంది. "దీని లెక్క ఇదే సెప్తాది."

రెండోసారి చుట్టింది తొమ్మిదేళ్ళు నడిచింది. అప్పటి నుంచి ఆమెకు ఒక అలవాటు పడింది. ఏ మోటారు వచ్చినా ముందు స్క్రూడ్రైవరు ముట్టుకోదు. ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏం చప్పుడు చేసింది, వాసన వచ్చిందా, ఏ నీళ్ళలో ఉంది అని తెచ్చినవాడిని అడుగుతుంది. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా జవాబు చెప్పేదాకా వదలదు.

ఆమె తోడికోడలు ఉష అదే ఆవరణలో, షెడ్డు వెనక పెంకుటింట్లో, రెండో వాటాలో ఉంటుంది. ఉష భర్త దేవేంద్ర గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టుల డ్యూటీ, వారానికోసారి వస్తాడు. ఉష పెళ్ళి నాటికే డిగ్రీ అయింది, తరవాత ఎం.ఏ. చేసింది, శ్రీకాకుళంలో కాలేజీలో తెలుగు చెబుతోంది. మూడేళ్ళుగా సముద్రం ఒడ్డు ఊళ్ళకు తిరిగి, వేటకెళ్ళే వాళ్ళు గాలికి, అలకు, వలకు, చేపకు వాడే మాటలన్నీ సేకరించి పీహెచ్‌డీ రాస్తోంది. తోడికోడళ్ళ మధ్య తగవు ఎప్పుడూ లేదు. అలాగని పెద్ద మాటలూ లేవు. చదువుకున్న పిల్ల, మనతో ఏం మాట్లాడుతుందిలే అని కుసుమకుమారి అనుకునేది. ఆవిడ పనిలో ఉంటుంది, అడ్డం వెళ్ళడమెందుకని ఉష అనుకునేది. పెళ్ళై వచ్చిన పదకొండేళ్ళలో ఉష ఆ షెడ్డు గడప తొక్కింది మహా అయితే నాలుగుసార్లు.

ఆ గురువారం ఉష మధ్యాహ్నానికే స్కూటీ మీద తిరిగొచ్చింది. బ్యాగు భుజాన్నే పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. అత్తగారు అమ్మడు చింతపండు పిక్కలు తీస్తూ చూసింది.

"ఏటైనాదే?"

"లాప్‌టాప్ పోయింది అత్తా."

"ఎవులెత్తుకుపోనారు?"

"ఎవరూ ఎత్తుకుపోలేదు. పొద్దున్నుంచి ఆన్ అవడం లేదు. శ్రీకాకుళంలో షాపులో చూపించాను. బోర్డు పోయిందన్నాడు. వైజాగ్ పంపాలంట, పది రోజులు పడతాదంట, అందులో ఉన్నది మిగులుతాదో లేదో చెప్పలేనన్నాడు."

సోమవారం లోపల థీసిస్ యూనివర్సిటీలో ఇవ్వాలి. మొదటి మూడు అధ్యాయాలు గైడుకు మెయిల్‌లో పంపింది గానీ చివరి రెండూ, సముద్రం ఒడ్డు ఊరి ముసలమ్మ బుల్లమ్మ చేత చెప్పించి రికార్డు చేసిన మాటలూ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇదంతా ఉష గబగబా, ఒకే గుక్కలో చెప్పింది. అమ్మడుకు థీసిస్ సంగతి అర్థం కాలేదు గానీ కంగారు సంగతి అర్థమైంది.

"పెద్దదానికి సూపించు," అంది.

"అక్కకా? ఇది మోటారు కాదత్తా."

"కరెంటుతోనే కదేటి నడుస్తాది," అని అమ్మడు షెడ్డు వైపు తిరిగి కేకేసింది.

కుసుమకుమారి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని, మూసి ఉన్న లాప్‌టాప్ వంక చూసి, "నాకు దీని ఇసయం తెల్దు ఉషా," అంది. "తెలవకుండా సెయ్యి పెట్టను. కానీ అడుగుతాను, సెప్పు. ఎప్పుడాగిపోనాది?"

నిన్న సాయంత్రం వరకూ బాగానే ఉందంది ఉష. నిన్న ఎక్కడుంది? బుల్లమ్మ వాళ్ళ ఊళ్ళో. బుల్లమ్మ ఇల్లెక్కడ? ఇసక దిబ్బ మీద, వసారాలో కూర్చుంటే సముద్రపు తుంపర మొహాన పడేంత దగ్గర. మూడేళ్ళుగా అక్కడే పెట్టుకుని టైపు చేస్తున్నావా? అవును. వచ్చేటప్పుడు ఎలా తెచ్చావు? స్కూటీలో కాళ్ళ దగ్గర. రోడ్డు తవ్వేశారు, ఒకచోట గోతిలో పడి బ్యాగు ఎగిరింది.

"ఇది షాపోడికి సెప్పినావా?"

"అతను అడగలేదక్కా. నొక్కి చూశాడు, రెండు నిమిషాల్లో చెప్పేశాడు."

"ఒకపాలి నొక్కు. సూద్దాం."

ఉష బటన్ నొక్కింది. తెర నల్లగానే ఉంది. కుసుమకుమారి వంగి, లాప్‌టాప్ మీద చెవి ఆనించింది. లోపల ఫ్యాను తిరిగింది. ఊపిరి పీల్చుకున్నట్టు కాసేపు తిరిగి ఆగింది.

"కరెంటొస్తన్నాది," అంది. "ఊపిరున్నాది. మరి ఆ దీపమేటి, అలగ కొట్టుకుంటన్నాది?"

కీబోర్డు ఎడమ పక్క ఒక మీట మీద చిన్న తెల్లని దీపం ఆరుతూ వెలుగుతోంది. ఉష పొద్దున్నుంచీ దాన్ని చూస్తూనే ఉంది గానీ పాడైపోయిన వస్తువు ఏదో మిణుకుమంటోంది అనుకుంది. కుసుమకుమారి మాత్రం ముక్కాలిపీట లాక్కుని దాని ముందు కూర్చుంది. పెదాలు కదుపుతూ చాలాసేపు చూసింది.

"మూడుసార్లు నిదానంగా, రెండుసార్లు గబగబా. కాసేపాగి మళ్ళీ అంతే. ఊరికే కొట్టుకుంటే ఇలగ లెక్కగా కొట్టుకోదు. ఏటో సెప్తన్నాది. నీ పోన్లో సూడు."

ఉష ఫోన్ తీసి లాప్‌టాప్ మోడల్ పేరూ, దీపం లెక్కా కొట్టింది. చదువుతూ చదువుతూ లేచి నిలబడింది.

"మెమరీ అంట అక్కా. మెమరీ దొరకడం లేదని అర్థమంట." మళ్ళీ మొహం వాడిపోయింది. "మెమరీ పోతే అన్నీ పోయినట్టే కదా."

"పూర్తిగా సదువు. సగం సదివి ఏడవకు."

ఉష చదివింది. ఈ మెమరీ వేరు, రాసింది దాచుకునే డిస్కు వేరు. ఇది పని చేసేటప్పుడు కాగితాలు పరుచుకునే బల్ల లాంటిది. డిస్కు బీరువా. బల్ల విరిగితే బీరువాలో కాగితాలకు ఏమీ కాదు. ఇదే మాట కుసుమకుమారికి చెప్పేసరికి ఉష కూడా మొదటిసారిగా కుదురుగా ఊపిరి తీసుకుంది. ఆ మెమరీ పలక ఒక్కోసారి దాని గాడిలోంచి కదిలిపోతుందని, దాని అంచు మసకబారుతుందని, తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూడమని కూడా అక్కడే రాసి ఉంది.

"గోతిలో ఎగిరినాది. ఉప్పుగాలి తిన్నాది," అంది కుసుమకుమారి. "రెండూ సరిపోతన్నాయి. ఇప్పుదామా? నువ్వు సదువు, నాను ఇప్పుతాను. నువ్వు వద్దంటే మాత్రం ముట్టను."

ఉష ఆమె చేతుల వంక చూసింది. వార్నిష్ మరకలు, తీగ కోసిన సన్నని గీతలు. "విప్పు అక్కా," అంది.

షెడ్డులో వద్దంది కుసుమకుమారి. అక్కడ రాగి పొడి గాల్లో ఉంటుంది, లోపల పడితే ఉన్నదీ పోతుంది. వసారాలో బల్ల తుడిచి, ఉతికిన తెల్ల పంచె పరిచింది. ఒక అట్టపెట్టె చింపి దాని మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసింది. స్క్రూ ఒక్కొక్కటీ తీస్తూ, అది ఎక్కడిదో బొమ్మలో సరిగ్గా అక్కడే గుచ్చింది. తొమ్మిది స్క్రూలు వచ్చాయి. మూత రాలేదు. ఉష గోళ్ళతో లాగబోతే ఆపి, మోటార్లలో రాగి కాయిళ్ళను గాడుల్లోకి నెట్టే వెదురుపుల్ల తెచ్చి, అంచు వెంబడి కొంచెం కొంచెం జరుపుతూ పోయింది. టిక్కుమంటూ ఒక్కో కొక్కెం వదిలింది.

మూత తీశాక ఇద్దరూ లోపలికి వంగి చూశారు. గిరిబాబు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు.

"ముందు బేటరీ పీకండి," అన్నాడు.

"అదే సూస్తన్నాను మావా. ఏదని?"

ఉష ఫోన్‌లో బొమ్మ చూసి వేలు పెట్టి చూపించింది. కుసుమకుమారి దాని తీగ మూతిని మెల్లగా ఊడదీసింది. మెమరీ పలక చూపుడువేలంత పొడుగుంది. ఒక పక్క గాడిలో బిగిసి ఉంది, రెండో పక్క బియ్యపుగింజ మందాన లేచి ఉంది. అంచున ఉండాల్సిన బంగారు రంగు పళ్ళు మసకబారి ఉన్నాయి. పక్కనే ఇంకో గాడి ఖాళీగా ఉంది.

ఉష తన కాలేజీ బ్యాగులోంచి పెన్సిలు రబ్బరు ఇచ్చింది. కుసుమకుమారి ఆ పళ్ళను ఒకే వైపుకి, పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచింది. రబ్బరు పొడి ఊది, పలక మళ్ళీ గాడిలో పెట్టి నొక్కింది. బేటరీ తగిలించి బటన్ నొక్కారు.

తెర నల్లగానే ఉంది. దీపం మూడు నిదానంగా, రెండు గబగబా.

ఉష పక్కకు తిరిగిపోయింది. అమ్మడు చేతిలో చింతపండు అలాగే ఉంది.

"మొదటిదే కదా," అంది కుసుమకుమారి. "నా మొదటి మోటారుకి పొగొచ్చీసినాది. దీనికి పొగైనా రాలేదు." మళ్ళీ బేటరీ పీకింది. పలకను బయటికి తీసి వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసింది. "పలక బాగానే ఉన్నాది. ఆ గాడిలోనే తప్పున్నాదేమో. పక్కది కాళీగా ఉన్నాది కదా, దాన్లో పెడితే ఏటవుతాది?"

ఉష ఫోన్‌లో వెతికి, పెట్టొచ్చంది. పక్క గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కుమని గట్టిగా పడింది. మొదటి గాడిలో ఆ చప్పుడు రాలేదని అప్పుడు ఇద్దరికీ తట్టింది.

బటన్ నొక్కారు. ఫ్యాను తిరిగింది. దీపం వెలగలేదు. తెరా వెలగలేదు. ఉష అరవై వరకూ లెక్కపెట్టింది. డెబ్భై దాటాక తెర మీద బూడిద రంగు వెలుగు వచ్చింది, దాని మీద కంపెనీ గుర్తు, తరవాత ఉష పేరు.

ఉష పెన్ డ్రైవు పెట్టి అంతా కాపీ చేసుకుంది, గైడుకు మెయిల్ చేసింది, తనకు తాను కూడా చేసుకుంది. ఆ తరవాత ఒక ఫైలు నొక్కింది. వసారాలో బుల్లమ్మ గొంతు వినబడింది, వెనక అలల హోరుతో. ఏదో గాలి పేరు చెప్పి, ఆ గాలి వస్తే పడవ తియ్యకూడదని చెబుతోంది.

"ఈవిడేనా ఆ ముసలమ్మ?" అంది కుసుమకుమారి. పీట మీద వెనక్కి జారి, మొత్తం విన్నది. తరవాత అట్ట మీద బొమ్మ చూసుకుంటూ తొమ్మిది స్క్రూలూ బిగించింది.

ఉష ఆ వెదురుపుల్ల చేతిలోకి తీసుకుంది. "దీన్నేమంటారక్కా?"

"పుల్లంటారు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఉష అక్కడితో వదల్లేదు. ఆ సాయంత్రమే షెడ్డులోకి వచ్చి కూర్చుని, ఇదేమిటి, దాన్నేమంటారు, ఈ చప్పుడుకు పేరుందా అని అడగడం మొదలుపెట్టింది. అన్నిటికీ జవాబు చెబుతూ కుసుమకుమారి ఒక మోటారు పూర్తి చేసేసింది. అది రోజూ సాగింది. కాలేజీ నుంచి వచ్చి టీ గ్లాసు పట్టుకుని ఉష ముందు షెడ్డుకే వస్తుంది. సంగతి ఊళ్ళో పాకి ఇద్దరు ముగ్గురు లాప్‌టాప్‌లు పట్టుకొచ్చారు గానీ కుసుమకుమారి వాటిని సంచుల్లోంచి తియ్యనిచ్చింది కాదు. "నాకొచ్చింది ఆ ఒక్కటే. ఇంకోటి రాదు. అదైనా ఆ పిల్ల పక్కనుండి సదివితేనే వచ్చినాది" అని పంపేసింది.

ఉష థీసిస్ సోమవారమే ఇచ్చేసింది. ఎనిమిది నెలలకు వైవాకు, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్షకు, పిలుపొచ్చింది. ఉష పట్టుబట్టి అక్కను తీసుకెళ్ళింది. బుల్లమ్మనూ ఆటోలో రప్పించింది. ఇద్దరూ వెనక వరసలో పక్కపక్కన కూర్చున్నారు. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు ఒక గాలి పేరు చదివి అర్థం అడిగాడు. ఉష నోరు తెరిచేలోపే బుల్లమ్మ లేచి, "అలగ కాదు బాబూ, సాగదీసి అనాల," అంటూ తానే పలికి చూపించింది. గది అంతా నవ్వింది. ప్రొఫెసరు కూడా నవ్వి, ఆవిడ అన్నట్టే మళ్ళీ అన్నాడు. కుసుమకుమారికి ఆ గదిలో సగం మాటలు అర్థం కాలేదు. ఉష తడబడకుండా జవాబు చెప్పిందని మాత్రం తెలిసింది. అది చాలనిపించింది.

బయటికొచ్చాక బుల్లమ్మ కుసుమకుమారి అరచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఏటి పని సేస్తావే?"

"మోటార్లు సుడతానమ్మా."

"సముద్రం సూసినావా?"

"సిన్నప్పుడొకపాలి. మళ్ళీ ఎల్లలేదు."

"ఇంత దగ్గిరుండి ఎల్లకపోడమేటి? వచ్చే ఆదివారం రా. పులుసెడతాను."

ఆ ఆదివారం కుసుమకుమారి షెడ్డు మూసింది. అత్తగారిని గిరిబాబుకు అప్పజెప్పి, ఉష వెనక స్కూటీ ఎక్కింది. బుల్లమ్మ ఇంటి వసారాలో కూర్చుని చేపల పులుసుతో రెండుసార్లు అన్నం వడ్డించుకుంది. తిన్నాక చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళ దాకా నడిచింది. ఉష ఒడ్డున నిలబడి పిలిచినా చాలాసేపు వెనక్కి రాలేదు.