పేరు రాయనక్కర్లేని ఫారం

తొంభైల్లో రేపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేశాను. తెనాలి నుంచి రోజూ ప్యాసింజర్లో వెళ్లొచ్చేదాన్ని. పదకొండు మంది స్టాఫులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఆఫీసుల్లో ఎవరిని పైకి రానిస్తున్నారో తెలుసుకోవడానికి, బాపట్లలో రీసెర్చి చేసే లెక్చరరొకాయన మాకు పోస్టులో ఫారాలు పంపాడు. పేరు రాయనక్కర్లేదని పైనే అచ్చు వేశాడు. అన్నీ టిక్కు పెట్టే ప్రశ్నలే.

"నింపి సాయంత్రానికి నా టేబుల్ మీద పెట్టండి" అన్నారు మేనేజరు గారు.

మీరు పని నేర్పినవాళ్లకి మీకంటే ముందు ప్రమోషన్ వచ్చిందా? నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు అప్పటికే నాకు ఆఫీసర్లు. కాగితం చిరిగేలా అవునని టిక్కు పెట్టాను. మీ ప్రతిభని గుర్తిస్తున్నారా? లేదు. చివరిదాకా అదే ఊపు.

తీరా చూస్తే మొదటి ప్రశ్న వదిలేశాను. స్త్రీ, పురుషుడు.

స్త్రీ అని పెడితే అది నేనే. ఖాళీగా వదిలినా నేనే. ఏటా నా మీద రిపోర్టు రాసేది మేనేజరు గారే. చూస్తే ఐదవుతోంది. 'పురుషుడు' దగ్గర టిక్కు పెట్టి, ఫారాన్ని కట్ట మధ్యలోకి దూర్చి వచ్చేశాను.

కొన్నాళ్లకి ఆ రీసెర్చి రిపోర్టు వచ్చింది. ఫైల్లో పెట్టమ్మా అని మేనేజరు గారు నాకే ఇచ్చారు. మా ఆఫీసు గురించి ఒకే వాక్యం ఉంది.

"ఇక్కడ మహిళా ఉద్యోగులు లేరు."

నంబరు వేసి ఫైల్లో పెట్టాను.