స్టాండులో నా కేక

నాకు ఐస్ హాకీ అంటే చెవికోసుకునేంత ఇష్టం. ఇది మా తెలుగువాళ్ళకు ఎవరికీ మింగుడుపడదు. ఇంగ్లండులో మేముండే రీడింగ్‌లో, మావాళ్ళు తలా ఒక వంట తెచ్చుకుని కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ ఎవరో ఒకావిడ పులిహోర వడ్డించుకుంటూ, "ఏవండీ, ఇంకా ఆ కర్రలాటకి వెళ్తున్నారా మీరు?" అంటుంది. వెళ్తున్నాను. పక్క ఊళ్ళో ఐస్ పరిచిన రింక్ ఉంది, దానికో జట్టు ఉంది, సీజన్ మొదలైతే ఆదివారం సాయంత్రాలు నావి. టీవీలో క్రికెట్ పెట్టుకుని సోఫాలో కునుకు తీసేవాళ్ళకు నేను పిచ్చిదానిలా కనిపిస్తే నాకొచ్చిన నష్టం లేదు.

మొదటిసారి వెళ్ళింది కూతురి కోసం. స్కూల్లో ఉచితంగా టికెట్లిచ్చారు. అనంతపురం ఎండలో పెరిగినదాన్ని, చుడీదార్ మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని, ఎప్పుడు అయిపోతుందా అని కూర్చున్నాను. పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ అసలు కంటికే ఆనలేదు. ఆట రెండో భాగంలో ఇక్కడి జట్టు ఆటగాడొకడు ఎదుటివాణ్ణి అద్దాల గోడకేసి గుద్ది, పక్ లాక్కుని, ఒంటరిగా గోల్ వైపు దూసుకుపోయాడు. నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. "కొట్రా! కొట్రా నాయనా!" అని గొంతు చించుకుని అరిచాను. కొట్టాడు.

ఆ అరుపు నాకెంత హాయినిచ్చిందో చెబితే నవ్వుతారు. ఈ దేశం వచ్చాక నేను గొంతెత్తిందే లేదు. ఆఫీసు మీటింగుల్లో సారీ చెప్పి మరీ మాట మొదలుపెడతాను. ఫ్లాట్‌లో కుక్కర్ విజిల్ వేస్తే కింది ఇంటాయన కౌన్సిల్‌కు ఫిర్యాదు రాస్తాడు. పూజలో గంటను వేళ్ళతో పట్టుకుని, మోగీ మోగనట్టు ఊపుతాం. అలాంటిది అంత జనం మధ్య, నా యాసలో, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేలా అరవగలిగిన చోటు ఆ రింక్ ఒక్కటే. ఇన్నేళ్ళూ నేను వెళ్ళింది ముందు దానికోసం, తర్వాతే ఆట కోసం.

ఆట కూడా మెల్లగా పట్టుబడింది. తప్పు చేసినవాణ్ణి పెనాల్టీ బాక్సులో కూర్చోబెడితే, వాడు తిరిగొచ్చేదాకా ఒక మనిషి తక్కువతో మావాళ్ళు ఎలా కాచుకుంటారా అని ఊపిరి బిగబట్టేదాన్ని. అది అన్యాయమనిపిస్తే రెఫరీని వదిలేదాన్ని కాదు. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని లేచేదాన్ని. ఆయనకు అర్థం కాదు కాబట్టి ఇద్దరికీ క్షేమం. విరామంలో బండి తిరిగి ఐస్‌ను నున్నగా చేస్తుంటే, పక్క సీట్లో కూతురికి హాట్ చాక్లెట్, మా వరుసలో అందరినీ అడిగి టీలు తెచ్చేదాన్ని. ఇంటినుంచి డబ్బా నిండా మురుకులు తీసుకెళ్ళేదాన్ని. డ్రమ్ము వాయించే ఎర్రగడ్డం ఆయన దగ్గరనుంచి, వెనక వరుసలో మనవరాలితో వచ్చే ముసలావిడ దాకా అందరూ అందులో చెయ్యి పెట్టేవారు. మా డబ్బాలోంచి తిన్నవాళ్ళు మావాళ్ళేనని నేననుకున్నాను. మనకు ఆ అలవాటు ఒకటి ఏడ్చింది కదా.

ఒక సీజన్లో ఎర్రగడ్డం ఆయన కొత్త పని మొదలుపెట్టాడు. మావాడెవడైనా గోల్ వైపు దూసుకుపోతే డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేస్తాడు, వెంటనే స్టాండులో కూర్చున్న జనమంతా "కొట్రా!" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికెళ్ళి మా ఆయనకు గొప్పగా చెప్పాను.

"నిన్ను జూసి నగుతాండారేమో, సూస్కో" అన్నాడు.

"నీకి కుళ్ళు" అన్నాను.

పోయిన సీజన్ ముగిశాక అభిమానులందరూ కలిసి క్లబ్ బార్‌లో పార్టీ చేసుకున్నారు, నేనూ కూతురూ వెళ్ళాం. ఆటగాళ్ళను అనుకరిస్తూ సరదా నాటికలు వేశారు. చివర్లో ఎర్రగడ్డం ఆయన వచ్చాడు. ఒక దుప్పటి చీరలా చుట్టుకున్నాడు, నుదుట లిప్‌స్టిక్‌తో రూపాయంత బొట్టు. చంకలో డబ్బా. తల అటూ ఇటూ ఊపుతూ, ఎగురుతూ, ఎవరికీ అర్థంకాని ఏదో గడగడా వాగి, "కొట్రా! కొట్రా!" అన్నాడు. నేనెప్పుడూ అక్కడికి చీర కట్టుకుని వెళ్ళలేదు. అందరూ పడీపడీ నవ్వి నా వైపు తిరిగారు. నేనూ నవ్వాను, చప్పట్లు కొట్టాను. ఏం చేయాలో తోచక చేసిన ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తిరిగొస్తూ కారులో కూతురు కిటికీలోంచి చూస్తూ, "దే డూ ఇట్ ఎవ్రీ టైమ్, అమ్మా. వెన్ యూ గో ఫర్ టీ" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆల్వేస్."

"మరి నాతో చెప్పలేదేం నువ్వు?"

"యూ వర్ సో హ్యాపీ" అంది.

చిన్నప్పటినుంచీ అది ఆ సీట్లో కూర్చుని, అమ్మ టీలు మోసుకొచ్చేలోగా జరిగేదంతా చూసి, నేను రాగానే హాట్ చాక్లెట్ అందుకుని నాకోసం నవ్వింది. ఎర్రగడ్డం ఆయన మీద నా కోపం చల్లారుతుందేమో గాని, పిల్ల చేత ఇన్నేళ్ళు ఇలా నవ్వించినందుకు మాత్రం వాళ్ళను నేను క్షమించలేను.

ఈ సీజన్ మొదటి ఆటకు కూతురు రానంది. నేను వెళ్ళాను. ఆట నాకేం ద్రోహం చేసింది? అదే సీటు, అదే చలి. డబ్బా మాత్రం పట్టుకెళ్ళలేదు. "మురుకూస్ లేవా లవ్?" అని, ఇక్కడివాళ్ళు ఎవరినైనా పిలిచే పిలుపుతోనే, ఎర్రగడ్డం ఆయన చిన్నబోయిన మొహంతో అడిగాడు. పాపం, నిజంగానే అడిగాడు. తానేం చేశాడో అతనికి తెలియను కూడా తెలియదు. అయిపోయాయన్నాను.

స్కోరు సమంగా ఉంది. ఆట ముగియవస్తోంది. ఇన్నేళ్ళుగా నేను చూస్తున్న మా పొట్టి డిఫెండర్ పక్ అందుకుని, ఇద్దరిని తప్పించుకుని, ఒంటరిగా గోల్ వైపు వెళ్ళాడు. నేను లేచాను. డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడ్డాయి. మాట గొంతుదాకా వచ్చింది, నాలుక మీదికి రాలేదు. నా చుట్టూ అందరూ నా ఊరి యాసలోనే "కొట్రా!" అని అరిచారు.

గోల్ పడింది. జనం ఒకరినొకరు కావలించుకుంటున్నారు, వెనక ముసలావిడ నా భుజం తట్టింది. ఆ స్టాండంతా తెలుగులో అరుస్తుంటే, నోరు మూసుకుని నిలబడింది నేనొక్కదాన్నే.