ఎలుగుబంటి పటం మీద జీడిపిక్కలు

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ సంగతైనా సరే, వరసలూ గడులూ గీసి అందులో నింపితే దాని గుట్టు బయటపడుతుందని. చదివింది స్టాటిస్టిక్స్, వయసు ఇరవై మూడు, కాబట్టి ఆ నమ్మకానికి అడ్డు చెప్పేవాళ్ళు నాలోపల ఎవరూ లేరు. పొద్దున్నే పనుల జాబితా రాసుకుని, అందులో మొదటి అంశంగా ‘జాబితా రాయడం’ అని వేసి, వెంటనే దానికి టిక్కు పెట్టుకునే రకం నేను. (ఇప్పటికీ ఆ రకమే. కాకపోతే ఎవరికీ చూపించను.)

అలాంటి నాకు పలాసలో మొదటి ఉద్యోగం ఎలుగుబంట్ల మీద దొరికింది. ఉద్దానంలోనూ, జిల్లాలో దాని చుట్టుపక్కలా అవి ఎక్కడ తిరుగుతున్నాయో, ఇంకెక్కడ తిరగవచ్చో ఒక పటం తయారుచేయాలి. పద్ధతి చెప్పడానికి తేలిక. ఎలుగు ఉన్న చోట్లు కొన్ని, లేని చోట్లు కొన్ని తీసుకోవాలి. ఒక్కొక్క చోట చెట్ల నీడ ఎంత, నీరు ఎంత దూరం, కొండ ఎంత దూరం, చెదపుట్టలు ఎన్ని అని రాసుకోవాలి. ఏ పరిస్థితులున్నచోట ఎలుగు ఉంటోందో కంప్యూటరు లెక్కకట్టి, మనం వెళ్ళని చోట్లలో కూడా అది ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. అవకాశం ఎక్కువైతే ఎరుపు, లేకపోతే తెలుపు. జంతువును చూడకుండానే జంతువు జాడ చెప్పే ఈ విద్య నాకు తెగ నచ్చింది, ముఖ్యంగా ఆ ‘చూడకుండానే’ అన్న భాగం. మకాం కంచిలి మండలంలో జీడితోటల మధ్య ఉన్న మా మావయ్య ఇంట్లో.

పదిహేడు గడుల ఫారం పట్టుకుని బండి మీద ఊరూరా తిరిగాను. ఒక ఊళ్ళో పనసచెట్టు మొదలు నుంచి కొమ్మదాకా గోళ్ళ గీరలున్నాయి. దాని కిందే కూర్చున్న పెద్దాయన్ని, ఎలుగు వస్తుందా అని అడిగాను.

“ఎలుగా? మా ఊర్లోనా? ఎవుడు సెప్పాడు బాబూ నీకు?”

“మరి ఈ గీరలు?”

“కుక్కవి.”

“కుక్క చెట్టెక్కుతుందా తాతా?”

“మీ ఊరి కుక్కలు ఎక్కవేటి?” అన్నాడాయన, మా ఊరి మీద జాలిపడుతూ.

ఫారంలో ‘లేదు’ అని రాశాను. (పక్కన వ్యాఖ్యల గడిలో ‘చెట్లెక్కే కుక్కలు కలవు’ అని కూడా రాశాను. ఆ ఫారం ఇంకా నా దగ్గర ఉంది.) సముద్రం ఒడ్డునున్న ఇంకో ఊళ్ళో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఇసకా సరుగుడు చెట్లూ తప్ప ఏమీ లేవు, అయినా జనం నా చుట్టూ మూగారు. ఎలుగులున్న ఊరికి వీధిలైట్లు వేస్తారని ఎవరో చెప్పారట. “మూడని రాసీసినావా? నాలుగు రాయి బాబూ. ఎలుగుకో లైటిత్తారా, ఈదికో లైటిత్తారా?” అని ఒకావిడ ఆరా తీసింది. నాలుగు రాశాను.

నెల తిరిగేసరికి కంప్యూటరు తీర్పు చెప్పింది. ఎలుగుబంటికి జీడితోటలంటే పడదు, పనసపండు వాసన గిట్టదు, ఉప్పుగాలీ ఇసకా దానికి ప్రాణం. మా పెద్దసారు ఫోన్ చేసి, “నిన్ను పంపింది ఎలుగుబంట్ల మీదా, పీతల మీదా?” అన్నారు. పటాన్ని ఎలాగైనా బతికించాలని, ఊళ్ళ గురించి నాకు తెలిసిన ప్రతి వివరాన్నీ గడిగా చేర్చి చూశాను: బావుల సంఖ్య, గొర్రెల సంఖ్య, పెళ్ళికాని కుర్రాళ్ళ సంఖ్య. మూడోది చేర్చగానే లెక్క అచ్చుగుద్దినట్టు కుదిరింది. పెళ్ళికాని కుర్రాళ్ళు ఎక్కువున్న ఊళ్ళలో ఎలుగుబంట్లు లేనేలేవు. మామూలు మనిషికి ఇక్కడ అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. పెళ్ళికాని కుర్రాళ్ళు బండ్లకు సైలెన్సర్లు పీకేసి తిరుగుతారు, ఆ మోతకు ఎలుగులు ఊరు విడిచిపోతాయి అని రెండు పేజీల సిద్ధాంతం రాశాను. రుజువుగా మా బావ (మావయ్య కొడుకు, ముప్పై రెండేళ్ళు, ఏడు సంబంధాలు తప్పిపోయినవాడు) బండి శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి జతపరచబోతుంటే, చేపలు తోముతున్న అత్త అంతా విని కత్తిపీట పక్కకు జరిపింది.

“ఎలుగులు తిరిగే ఊరికి పిల్లనెవుడిత్తాడు అల్లుడూ? పెళ్ళీడు కుర్రోడున్న ఇంట్లో ఎవుడైనా ఉందని సెప్తాడేటి? మనింటెనక తోటలోకి రోజూ ఒత్తాది. మరి నువ్వడిగితే నానేటన్నాను?”

ఫారాల కట్ట విప్పి చూశాను. మావయ్య ఊరు. ఎలుగుబంటి: లేదు. చెప్పినవారు: అత్త.

ఈసారి మనుషుల్ని ఒక్క ముక్క అడగలేదు. తవ్విన చెదపుట్టలు, చెట్ల మీద గీరలు, జీడిపిక్కలు కలిసిన ఎలుగు పెంట, వీటినే వెతుక్కుంటూ మళ్ళీ తిరిగాను. (ఆ పెంటను కొలతలతో సహా నమోదు చేసినందుకు అత్త నాకు వారం రోజులు వేరే గ్లాసు పెట్టింది.) పటం కుదిరింది. పెద్దసారు మెచ్చుకుని, సోమవారం పలాస మీటింగులో కట్టడానికి దాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టించమన్నారు. అంతటి ఫ్లెక్సీలోనూ అన్నిటికన్నా చిక్కటి ఎరుపు మావయ్య ఊరి మీద ఉంది. సరిగ్గా దాని ముందటి ఆదివారమే బావకు ఎనిమిదో సంబంధం వాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారు. వాళ్ళది నిమ్మాడ దగ్గర పల్లె. ఉద్దానం అనగానే అవతలివాళ్ళు కిడ్నీ జబ్బుల భయంతో మొదట నీళ్ళ సంగతి అడుగుతారు, రెండోది ఎలుగుల సంగతి. మొదటిదానికి చూపించడానికి మావయ్య దగ్గర కుళాయి ఉంది. రెండోదానికి నేనున్నాను.

“ఆ ఎరుపు తీసీ అల్లుడూ,” అన్నాడు మావయ్య.

“తీయకూడదు మావయ్యా. లెక్కలో వచ్చింది.”

“పోనీ గులాబీ రంగెయ్యి.”

“అలా కుదరదు.”

“నెల్లాళ్ళాగి ఎయ్యి. పెళ్ళయిపోనాక ఎంత ఎరుపేసినా నానడ్డురాను.”

బావ చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో ఏడు సంబంధాలూ ఉన్నాయి. నేను తల దించుకున్నాను, ఎరుపు మాత్రం దించలేదు. ఆదివారం పొద్దున లేచేసరికి ఫ్లెక్సీ లేదు. మావయ్య దాన్ని పెరట్లో పరిచి, మీద నాలుగు బస్తాల జీడిపిక్కలు ఎండబోసి, చదును చేసి, పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. బొమ్మవైపు కిందికి తిప్పి పరచవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వాళ్ళు వచ్చారు. పెళ్ళికూతురి తండ్రి, పిన్ని, పెళ్ళికూతురు కూడా. ఆమె టెక్కలిలో విత్తనాల కొట్టు నడుపుతోంది, సరుకు తనే చూసుకోవాలందట. కుళాయి చూశారు, తాగారు, తలలూపారు. తరవాత పెరట్లోకి వెళ్ళిన తండ్రి, రైతు అన్నవాడెవడైనా చేసే పనే చేశాడు. వంగి దోసెడు పిక్కలు తీసి బరువు చూశాడు. కింద ఎర్రగా కనబడింది. ఇంకో దోసెడు తీశాడు. ఇంకా ఎర్రగా కనబడింది.

“ఆ పక్కయి సూడండి బావగారూ, బాగుంటాయి,” అన్నాడు మావయ్య. ఆ పక్కవి తీస్తే మావయ్య ఊరి పేరు బయటపడింది.

“ఈ ఎరుపేటి?”

“జీడి బాగా పండే సోట్లు,” అన్నాడు మావయ్య.

తండ్రి ముఖం విప్పారింది. పెళ్ళికూతురు మాత్రం కాలితో పిక్కలు జరిపింది. “మరి ఈ మూల ఎలుగుబంటి బొమ్మేటండి?”

“కంపెనీ గుర్తమ్మా.”

“కింద ‘ఎలుగుబంటి ఉండే అవకాశం’ అని రాసుంది.”

“అది కంపెనీ పేరు,” అన్నాడు మావయ్య.

ఆమె నా వైపు తిరిగింది. “మీరు సెప్పండి.” నాకు అక్కడే ఒక మంచి అబద్ధం తట్టి ఉండవలసింది. తట్టలేదు. చెట్ల నీడ దగ్గర మొదలుపెట్టి, చెదపుట్టల మీదుగా, ఇరవై నిమిషాలు చెప్పాను. చివర, ఈ లెక్క ప్రకారం జిల్లా మొత్తంలో ఎలుగుకు అత్యంత అనుకూలమైన స్థలం మనం నిలబడ్డ పెరటికి వెనకనే అని కర్రతో చూపించాను. బావ గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పిక్కలు దూరంగా నెట్టింది. “మా ఊరు తెల్లగా ఉందేటి?”

“అక్కడ ఎలుగు జాడ లేదండి.”

“మీరొచ్చి సూసినారా?”

“లేదండి. దూరమని రాలేదు.”

“సూడకుండా లేదని ఎలా ఏసీసినారు?”

ఎలుగు లేని చోటుకీ, నేను కొలతలే తీసుకోక లెక్కకు అందని చోటుకీ ఒకే తెలుపు వేశాను. ఆ తప్పు పెద్దసారు కూడా పట్టుకోలేదు.

“మా ఊర్లోనూ ఒత్తాదండి. నాన్న సెప్పొద్దన్నాడు,” అందామె.

తండ్రి దగ్గి, కండువా సర్దుకున్నాడు. “ఒక్కసారొచ్చింది బావగారూ. అదీ దారి తప్పి.”

“మాదీ అంతే బావగారూ,” అన్నాడు మావయ్య, ప్రాణం లేచివచ్చి. “రోజూ దారి తప్పుతాది.”

ముందు అత్త నవ్వింది, తరవాత పిన్ని. బావ కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం భోజనాలకు ఆకులు వేస్తున్నారు, సంబంధం ఖాయమైంది. ఆ రాత్రి నేను పటంలో చూడని ఊళ్ళన్నిటికీ బూడిదరంగు వేశాను. ఎరుపుకన్నా, తెలుపుకన్నా అదే ఎక్కువ తేలింది.

ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. పోయిన నెల నన్ను చూడటానికి సోంపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. “ఏం సేత్తంటావు బాబూ?” అని పెద్దాయన అడిగాడు. పటాలు గీస్తానండి అన్నాను. ఏం పటాలు అన్నాడు. తలుపు పక్కన అమ్మ నిలబడి ఉంది, ముఖంలో ఏమీ లేకుండా. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడైతే చెట్ల నీడ దగ్గర మొదలుపెట్టేవాడు, కర్ర కూడా అడిగేవాడు. వాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఎందుకో కొంచెం అసూయ కూడా కలిగింది. నేను మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, జీడి బాగా పండే చోట్లవండి అన్నాను.