అయ్యవారికి గుర్తురాని పుస్తకం

తెకెస్తె అయ్యవారికి బైబిలంతా కంఠతా వచ్చు. అందులో ఎన్ని పుస్తకాలున్నాయో మాత్రం రాదు.

అక్కడి పాత క్రైస్తవ గుడుల బైబిల్లో ఎనభై ఒకటి. గొజ్జాం కొండల్లో గొర్రెల కాపరిని నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఏవేవి కలిపితే ఎనభై ఒకటన్న దాని మీద పండితులు తరతరాలుగా జుట్లు పట్టుకుంటున్నారు. యిర్మియా, విలాపవాక్యాలు కలిపి ఒకటంటాడొకడు, కాదు రెండంటాడింకొకడు. ఆ అంకె మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు, ఒక్క అయ్యవారికి తప్ప. మోషే అయిదింటితో మొదలుపెట్టి, సువార్తలు నాలుగూ, పౌలు ఉత్తరాలు పద్నాలుగూ వేళ్ల మీద దాటుకుంటూ, ప్రకటన దగ్గర చెయ్యి ఆపేసేవారు.

"ఎనభై! ఇంకోటేమైందర్రా?"

పెళ్లిపందిట్లో ఇదే గోల. ఇంజెరా రొట్టె ముక్క నోటికీ చేతికీ మధ్య ఉండగా లెక్క మొదలెట్టేవారు. చావింట్లోనూ ఇదే. భార్య పోయి మూడు రోజులుగా పెదవి విప్పని సాలె గెబ్రు పక్కన చతికిలబడి లెక్కపెట్టి, "ఏమయ్యా, ఒకటి తగ్గిందే!" అన్నారు. గెబ్రు విసుక్కుని, "యోబు! యోబును మింగేశారు!" అని అరిచి, అప్పుడు భోరుమన్నాడు. ఆ ఊరి గుడి పూజారి ఫిస్సెహా సిగ్గుతో చచ్చిపోయాడు. ఎంతైనా అయ్యవారి శిష్యుడు మరి.

"అయ్యవారూ, కాగితం మీద రాసుకోకూడదూ?" అన్నాడు మూడో విడత కాఫీ తాగుతూ.

"పౌలు పుస్తకం రాద్దామని కూర్చున్నాడట్రా? ఎక్కడో ఒక ఊళ్లో వాళ్లు కుంగిపోయారని ఉత్తరం రాశాడు. వాళ్లు దాచుకున్నారు, ఇంకెవరో నకలు తీశారు, మనకది పుస్తకమైంది. ముందు మనిషిని చూడు."

"అది సరే, లెక్క?"

"ఎనభై," అన్నారు అయ్యవారు.

ఒకనాడు గుడి బడిని చూడడానికి పైనుంచి పరీక్షాధికారి వచ్చాడు. అయ్యవారిని ఉంచాలా, విశ్రాంతి పేరుతో పంపేయాలా అన్నది ఆయన చేతిలో ఉంది. బడి లేకపోతే అయ్యవారికి ఇంకేముంది? ఫిస్సెహా ముందురోజే చేతులు పట్టుకుని బతిమాలాడు. "ఒక్క రేపు సరిగ్గా చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

మర్నాడు అయ్యవారు వేళ్లు మడిచి మడిచి, "ఎనభై! ఇంకోటేమైందర్రా?" అని పిల్లల వైపు తిరిగారు. అధికారి ముఖం ముడుచుకుంది. వెనక వరసలో బెలాయ్ అనే కుర్రాడు నోరు తెరవబోయాడు. ఈలోగా ఫిస్సెహాకు తల కొట్టేసినట్టయింది.

"ఎనభై ఒకటండీ! రూతును వదిలేశారు! ముప్పై ఏళ్లుగా ఈయనకు ఏదో ఒకటి తప్పిపోతూనే ఉంటుంది!"

బెలాయ్ నోరు మూసుకున్నాడు. అయ్యవారు ఫిస్సెహాను చూసి నవ్వారు. ముసలితనంలో మతి పోయిందనుకున్నాడు ఫిస్సెహా. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అయ్యవారు గొర్రెతోలు భుజాన వేసుకుని, నది అవతల కొండమీది మఠానికి వెళ్లిపోయారు.

బడి ఫిస్సెహాకే ఇచ్చారు. రోజూ ఎనభై ఒకటీ తు.చ. తప్పకుండా అప్పజెప్పేవాడు. పిల్లలు బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చునేవారు. నెల తర్వాత బెలాయ్ నాయనమ్మ ఎల్ఫినెష్ వచ్చింది.

"మావాడు బడికి రాడు నాయనా. వాడికొచ్చిందల్లా ఒక్క రూతే. అయ్యవారు ఏడాదిగా వాడి కోసం రూతును మర్చిపోతూ వచ్చారు. నువ్వొచ్చి గుర్తుచేసేస్తివి."

"వాడి కోసం మర్చిపోవడమేంటవ్వా?"

"నీకు మర్చిపోలా? నత్తితో నీ నోరు పెగిలేది కాదు. నీకొచ్చింది హనోకు పుస్తకం ఒక్కటే. నువ్వు లేచి అరిచేదాకా రెండేళ్లు హనోకును వదిలేశారు. ఊరంతటికీ తెలుసు, నీకు తప్ప."

తొమ్మిదేళ్లప్పుడు అయ్యవారి తప్పు పట్టుకున్నానని జీవితమంతా చెప్పుకున్నవాడు ఫిస్సెహా. ఆ గొప్ప కాస్తా గంగలో కలిసింది. అంతకంటే, అలాంటి మనిషి నోటి ముందు కూడు తన నోటితోనే తీసేశానే అన్న బాధ ఇక పోలేదు.

మర్నాడే బయలుదేరి రెండు రోజులు నడిచాడు. మఠం వాకిట్లో, ఆ సీమలో క్షమాపణ అడిగేవాళ్లు మోసినట్టే, మెడ మీద రాయి పెట్టుకుని వంగి నిలబడ్డాడు. అయ్యవారు పప్పులో రాళ్లు ఏరుతున్నారు.

"అయ్యవారూ, నన్ను క్ష... క్ష..."

ఇన్నేళ్లకు మళ్లీ నాలుక అడ్డం తిరిగింది. అయ్యవారు చేట పక్కన పెట్టి, లేచి వచ్చి, రాయి తనే దించారు.

"ఎందుకురా ఇదంతా? ఆ రోజు అంత పెద్దమనిషి ముందు ఒక్క అక్షరం తడబడకుండా అరిచావు చూశావా! ఈ కొండెక్కినంతసేపూ ఆ గొంతే తల్చుకుని మురిసిపోయానురా."