సగమే అచ్చయిన మాట

డీజిల్ బండ్ల పొగ మీద నిబంధనలు బిగిస్తారన్న వార్త వచ్చినప్పుడు నేను బరంపురంలో ఒక తెలుగు దినపత్రిక విలేకరిని. జనం ఏమంటున్నారో రాసి పంపమన్నారు. మనిషికో ఫొటో, కింద ఒకే వాక్యం.

బడా బజార్ మలుపులో పొద్దున్నే చేపల వ్యాను ఆగేది. ముందు దాని పొగ వచ్చేది, తర్వాత వ్యాను. సముద్రపు ఒడ్డు పల్లె ఆడవాళ్లు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని గంపలతో దిగేవారు. నీళ్లు కారే గంపలను బస్సువాళ్లు ఎక్కించుకోరు. ఆ పాత వ్యాను లేకపోతే వాళ్లకు బజారు లేదు. మా ఇంటికి ఏళ్ల తరబడి చేపలిచ్చే, అక్కలా నేను 'అప్పా' అని పిలిచే ఆమెను అడిగాను.

"పొగ ఒద్దు బాబూ. రేయంతా దగ్గే. ఇంకో ఇల్లు సూసుకుంతానంతన్నాడు మా ఇంటాయన!" పక్కవాళ్లు పకపకా నవ్వారు. "బండి మాత్రం ఉండాల. రెండూ రాసుకో."

ఒక వాక్యంలో రెండూ పట్టలేదు. 'బండి ఆపితే మా బతుకు పోతుంది' అని పంపాను. మర్నాడు డ్రైవరు ఆమెకు చదివి వినిపించాడు.

"ఏటి బాబూ, నా దగ్గేటైపోనాది? పొగంటే నాకు ముద్దన్నట్టు ఏసినావు! ఈడు సంబరపడి టీ కూడా ఇప్పించినాడు."

"జాగా లేదప్పా."

"అంత పేపర్లో నా దగ్గుకి జాగా నేదా?"

నిబంధనలు వచ్చాక, పొగ పరీక్ష రోజున ఆ ఆడవాళ్లే పాత వల ముక్కలు తడిపి వ్యాను పొగగొట్టంలో గట్టిగా కూరారు. చేపను ఆపే వల మసిని ఆపదా అనుకున్నారు. పరీక్ష చేసేవాళ్ల ముందే ఇంజను ఆగిపోయింది. వల లాగేసి మళ్లీ నడిపితే నల్లటి పొగ. పాసైనట్టు కాగితం ఇవ్వలేదు. యజమాని వ్యానును తుక్కుకి అమ్మేశాడు.

తర్వాత చాలా ఉదయాలు ఆ మలుపులో నిలబడ్డాను. గాలి తేటగా ఉండేది. నాకు మాత్రం ఆ ఆడవాళ్ల కేకలు వినాలనిపించేది, ఆ నీచువాసన కూడా కావాలనిపించేది.

ఒక ఆదివారం ఆమె పల్లెకు వెళ్లాను. ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. ఒడ్డుకు వచ్చే ఐసు లారీవాడు చెప్పిన ధరకే ఇచ్చేస్తున్నామంది. దగ్గు తగ్గిందట.

"బజారోలు నన్ను అడుగుతన్నారేటి బాబూ?"

అడుగుతున్నారన్నాను. ఎవరెవరంది. నేను నోరు తెరిచేలోపే ఒక్కో ఇల్లూ, ఆ ఇంటివాళ్లు ఏ చేప కొనేవారో తనే చెప్పుకుంటూ పోయింది. ప్రతి ఇంటికీ అవునన్నాను.