కత్తెరకు దారి లేని ఫొటో

మా వీధి చివర, ఇస్త్రీ దుకాణం మీద, తూర్పుకొకటి పడమరకొకటి కిటికీలున్న గదిలో అతుకులక్క ఉంటుంది. వేర్వేరు ఫొటోల్లోని మనుషుల్ని కంప్యూటరు మీద ఒకే ఫొటోలోకి చేర్చడం ఆమె వృత్తి. ఆ పేరు వీధి పెట్టింది. ఆమెకు నచ్చలేదు. అతుకు కనపడకుండా చేయడానికి ఇరవై రెండేళ్లుగా కళ్లు అరగదీసుకుంటున్న మనిషిని అలా పిలవడం, వంటలో చెయ్యి తిరిగినవాణ్ణి మాడుగిన్నె అన్నట్టుంటుందని ఆమె ఫిర్యాదు. వీధి దాన్ని సానుభూతితో విని, పేరును అలాగే ఉంచింది.

మిగతా స్టూడియోల వాళ్లు అంచులు కాస్త మసకబార్చి, అయిపోయిందంటారు. అలా కలిసిన బంధువులు పొగమంచులోంచి ఇప్పుడే బయటపడి దారి అడుగుతున్నట్టుంటారు. అక్క అంచుల జోలికి చివరిదాకా పోదు. ముందు ఫొటోను తలకిందులుగా పెట్టుకుంటుంది. "నిటారుగా ఉంటే మొహాలు పలకరిస్తాయి. తలకిందులైతే వెలుగొక్కటే కనిపిస్తుంది" అంటుంది. ముక్కు కింద నీడను చూసి, ఆ ఫొటో తీసిననాడు కిటికీ ఏ వైపుందో చెప్పేయగలదు. ఇంత విద్య ఉన్న మనిషి వీధిలో ఇంకొకరు లేరు. పక్కవీధిలోనూ లేరని విచారించి చెబుతున్నాను.

ఒకరోజు ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరాక, సంచీలోంచి కవరు తీసి బల్ల మీద బోర్లించింది. అన్నీ ఫొటోలే, అన్నీ సగాలే. ఒకదాంట్లో ఎవరి భుజం మీదో చెయ్యి ఉంది. చెయ్యి తాలూకు మనిషి లేడు.

"మా అబ్బాయిల నిర్వాకం" అంది. "పెద్దాడింట్లో చిన్నాడు లేడు, చిన్నాడింట్లో పెద్దాడు లేడు. మాటల్లేక తొమ్మిదేళ్లు."

"ఏం జరిగిందమ్మా?"

"వాళ్ల నాన్న స్కూటరు గోడకి గుద్దిందెవరన్న దగ్గర మొదలైంది. ఇప్పుడా స్కూటరూ లేదు, ఆ గోడా లేదు. వీళ్లున్నారు."

ఆవిడ ఆరు నెలలు ఒకరింట, ఆరు నెలలు ఇంకొకరింట ఉంటుంది. ఏ ఇంట్లో ఉన్నా మంచం ఎదురుగా ఇద్దరూ తనతో ఉన్న ఫొటో ఒక్కటి కావాలి.

"కలపడం నీకు వచ్చట. కానీ కత్తెర పెట్టడానికి సందుండకూడదు అమ్మాయ్. కుదురుతుందా?"

అంచు కనపడకూడదని అడిగినవాళ్లు అక్కకు కొత్త కాదు. అంచే ఉండకూడదని అడిగింది మాత్రం ఈవిడొక్కతే.

"కుదిరేదాకా చేస్తానమ్మా" అంది.

కళ్లజోళ్ల దుకాణం ఉన్న పెద్దవాడు పొద్దున పదింటికి వచ్చి తల్లి పక్కన కూర్చుని వెళ్లాడు. బస్సు డ్రైవరైన చిన్నవాడు డ్యూటీ దిగి సాయంత్రం ఒంటరిగా వచ్చాడు. ఆ ఫొటోలు ఏమవుతాయో ఇద్దరికీ తెలుసు. తెలియనట్టు మొహం పెట్టడంలో ఇద్దరిదీ ఒకటే పోలిక.

ఇక్కడ అక్క పొరపాటు చేసింది. పొద్దుటి వెలుగు ఒకవైపు నుంచి, సాయంత్రంది ఇంకోవైపు నుంచి. అలాగే కలిపితే గదిలో ఇద్దరు సూర్యుళ్లవుతారు. అందుకని చిన్నవాణ్ణి అద్దంలోలాగా ఇటునుంచి అటు తిప్పేసింది. వెలుగు కలిసింది. పెద్దావిడ వచ్చి చూసింది.

"ఎవరితను?"

"మీ చిన్నబ్బాయేనమ్మా."

"మావాడి పుట్టుమచ్చ ఎడమ చెంప మీద. ఇతనెవరో బాగానే ఉన్నాడు గానీ, నేను కన్లేదు."

మచ్చను ఈ చెంపకు జరపడం అర నిమిషం పని. అక్క ఆ పని చేయలేదు. మచ్చ జరిపితే పాపిడి దొరుకుతుంది, పాపిడి దిద్దితే జేబు దొరుకుతుంది. కన్నతల్లి పరీక్షకు అంతుండదు. చిన్నవాడికి కబురు పెట్టింది, సెలవురోజు పొద్దున పదింటికి రమ్మని.

"మొహం అదే కదక్కా, ఏ పూటైతే ఏంటి?"

"బస్సు నడుపుతావు, పొద్దున ఎండ ఏ కంట్లో పొడుస్తుందో నీకు నేను చెప్పాలా?"

వచ్చాడు. ఈసారి తల్లిని కూర్చోబెట్టి, ఆమె భుజాల వెనకనుంచి చెయ్యి వేయించింది.

"ఇంకాస్త అవతలికి పోనివ్వు."

"అవతల ఎవరూ లేరుగా."

"ఉంటారు. పోనివ్వు."

ఆ పైన పదకొండు రోజులు పట్టింది. చిన్నవాడి చెయ్యి తల్లి శాలువా వెనకగా వెళ్లి, వేళ్లు అన్న భుజం మీద వాలాలి. వేళ్ల నీడ అన్న చొక్కా మీద పడాలి. ఆ బరువుకు చొక్కా కాస్త నొక్కుకోవాలి. ఆ నొక్కు ఎలా ఉంటుందో తెలియక, అక్క కింది ఇస్త్రీ దుకాణం అతణ్ణి తూర్పు కిటికీ దగ్గర నిలబెట్టి, భుజం మీద చెయ్యేసి చాలాసేపు చూసింది.

"అక్కా, కింద ఎవరిదో ప్యాంటు కాలిపోతోందేమో!"

"ఊపిరి పీల్చకు, నీడ కదులుతోంది."

ఫొటో పూర్తయ్యాక పెద్దావిడ దాని మీద వేలు పెట్టి ఒక కొడుకు దగ్గర్నుంచి రెండో కొడుకు దాకా నడిపించింది. వేలు ఎక్కడా ఆగలేదు. ఫొటోను శాలువాలో చుట్టి పట్టుకెళ్లింది.

నెల తిరక్కుండా పెద్దవాడు ఆ ఫొటోతో వచ్చాడు. దుకాణంలోని భూతద్దాలన్నిటితో వెతికాడట. కత్తెర పట్టుకున్నాడు గానీ ఎక్కడ మొదలుపెట్టినా అమ్మ దగ్గరే తేలుతోందట. ఇంకో స్టూడియోకి వెళితే, ఇది కట్టినావిడే విప్పాలని చేతులెత్తేశారట.

"వాణ్ణి తీసేయండి" అన్నాడు.

అక్క వాదించలేదు. కంప్యూటరులో తీసి చూపించింది. తల్లి శాలువా భుజం దగ్గర తెల్లగా బొక్కపడింది. అతని చొక్కా మీద మాత్రం నొక్కు అలాగే ఉంది.

"ఇదేంటి?"

"మీ తమ్ముడి చెయ్యి బరువు. నేనే వేశాను."

అతను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాస్త గట్టిగానే వేశాడు" అన్నాడు.

"తేలిక చెయ్యమంటారా?"

"వద్దు. వాణ్ణి మళ్లీ పెట్టేయండి." లేచి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "వచ్చే నెల అమ్మ వాడింటికి వెళుతుంది. ఫొటో కూడా వెళ్లిపోతుంది కదా."

"వెళుతుంది."

"నాకొకటి విడిగా తీసివ్వండి" అన్నాడు, గోడ వైపు చూస్తూ. "ఇంకాస్త పెద్ద సైజులో."