మోషే పెదనాన్నగారి రెండు వేళ్ళు

మా మోషే పెదనాన్నగారు ఏ పదార్థాన్నయినా రెండు వేళ్ళ మధ్య నలిపి, అందులో నీళ్ళెంతో సరుకెంతో చెప్పందే ఊరుకోరు. రాజోలు దగ్గర గడ్డితో కాగితం చేసే మిల్లులో ఇరవయ్యేళ్ళుగా గుజ్జు చిక్కదనం చూడడమే ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఆయన వెంట విందులకూ వచ్చేది.

మా అక్క ప్రధానం నాడు వియ్యంకుడిగారి విస్తరిలో పప్పు నలిపేశారు.

"నూటికి పదకొండే సరుకు. నీళ్ళెక్కువయ్యేయండి."

"అది నా విస్తరండీ!"

"ఆయ్. మీదే పల్చగా ఉందండి. మార్పించుకోండి."

ఎనభై నాలుగులో మిల్లుకు మద్రాసు నుంచి యంత్రం దిగింది. గొట్టంలో పోయే గుజ్జు చిక్కదనం అదే కొలుస్తుంది, నీళ్ళ వాల్వూ అదే తిప్పుతుంది. సూది ఎర్రగీత దాటితే గంట నొక్కడానికి ఒక మనిషి చాలు. ఉన్నది ఇద్దరు: పెదనాన్నగారు, ఆయన చెప్పినట్టు వాల్వు తిప్పే మరిడమ్మ. ఆమెకు భర్త లేడు, ముగ్గురు పిల్లలు.

మేనేజరు గంగరాజుగారు తేల్చేశారు. "మోషేగారూ, మీ లెక్క సూదితో కలిస్తే మీరుండండి. లేకపోతే మరిడమ్మ ఉంటుంది."

మిల్లంతా నవ్వింది. ఆ వేళ్ళు తప్పడమా!

క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళిన నేను తలుపు పక్కన నిలబడ్డాను. పెదనాన్నగారు గుజ్జు నలిపి కళ్ళు మూసుకున్నారు. మరిడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయిదండి."

సూది మూడు మీద ఉంది. ల్యాబువాళ్ళు ఆరబెట్టి తూచినా మూడే.

గంగరాజుగారు తెల్లబోయారు. "ఇంకోసారి చూడండి మోషేగారూ!"

మళ్ళీ నలిపారు. "ఆరండి."

గంట నొక్కే పని మరిడమ్మకు దక్కింది.

ఎవరినీ ఏదీ అడగని నేను ఆ రోజు దారిలో అడిగేశాను. "అంత తప్పెలా చెప్పేరు, పెదనాన్నగారూ?"

"కొంచెం తప్పితే ఎవరూ నమ్మరమ్మా. నాకు రిటైర్మెంటు ఇంక ఎనిమిది నెల్లే. దాని పిల్లలింకా బళ్ళోనే ఉన్నారు."

"అయితే మూడని తెలుసా?"

"ముట్టుకోకముందే తెలుసు. మీ పెద్దమ్మతో అనకు."

ఆదివారం చర్చి కాగానే మరిడమ్మ ఆముదం సీసాతో వచ్చింది. "పెద్దాయన వేళ్ళు మొద్దుబారిపోయేయండి, పాపం. రెండు పూటలా రాయాలండి," అంటూ తనే ఆయన చేతిలో ఒంపింది.

నూనె వేళ్ళ మధ్య పడగానే పెదనాన్నగారి పెదవులు కదిలాయి.

"ఏమైనా తెలుస్తోందాండి?" అంది మరిడమ్మ ఆశగా.

ఆయన జీవితంలో మొదటిసారి లెక్క మింగేశారు.

"ఏం తెలీట్లేదమ్మా," అన్నారు.